అసలు కాదు, కొసరు: 13 టీములు తిరిగిన ఇష్ స్మిత్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మారతహళ్లి దాటాక మేం ఆదివారం పొద్దున్నే బాస్కెట్‌బాల్ ఆడుకునే కోర్టు ఒకటుంది. వచ్చేవాళ్లలో సగానికి పైగా తెలుగువాళ్లే. ఆట అయ్యాక టీ బండి దగ్గర నిలబడి అందరూ లెబ్రాన్ గురించో కర్రీ గురించో మాట్లాడుకుంటుంటే, నేను మాత్రం ఇష్ స్మిత్ పేరు ఎత్తుతానని నాకో చెడ్డపేరు ఉంది. కుర్రాళ్లు ఒకలా అడుగుతారు, వాళ్లని దింపడానికి వచ్చిన నాన్నలు ఇంకోలా అడుగుతారు, కానీ ప్రశ్నలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇక నుంచైనా టీ వేడిగా తాగొచ్చు.

అసలు ఎవరండీ ఈ ఇష్ స్మిత్?

అమెరికా ఆటగాడు. పూర్తి పేరు ఇష్మాయెల్ స్మిత్. 1988 జులై 5న నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో పుట్టాడు. ఎత్తు ఆరడుగులు. మన వీధిలో అయితే పొడుగువాడే, అమెరికా పెద్ద బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో పొట్టివాళ్ల కింద లెక్క. ఆడేది పాయింట్ గార్డ్ స్థానంలో, అంటే బంతిని ముందుకు తీసుకొచ్చి ఎవరికి ఎప్పుడు అందించాలో చూసుకునేవాడన్నమాట. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీకి ఆడాడు. కొత్త కుర్రాళ్లను టీములు వంతులవారీగా ఏరుకోవడాన్ని డ్రాఫ్టు అంటారు. 2010 డ్రాఫ్టులో టీములన్నీ కలిసి 60 మందిని ఏరుకున్నాయి, ఇతన్ని ఎవరూ ఏరుకోలేదు.

అలాంటివాడు 2010లో మొదలుపెట్టి 2024 దాకా 14 సీజన్లు ఆ లీగులోనే ఉన్నాడు. మొత్తం 30 టీములుంటే అందులో 13 టీములకు ఆడాడు. అంతకుముందు 12 టీములతో చకీ బ్రౌన్, జిమ్ జాక్సన్, టోనీ మాసెన్‌బర్గ్, జో స్మిత్ అనే నలుగురు ఆ రికార్డును పంచుకునేవారు. 2022 అక్టోబర్‌లో డెన్వర్ తరఫున కోర్టులో దిగి ఇష్ ఆ నలుగురినీ దాటేశాడు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఇతను దాదాపు దానికి రెట్టింపు.

ఆ 13 టీములూ వరుసగా చెప్పగలవా అన్నా?

ఇది ప్రశ్న కాదు, నాకు పరీక్ష పెట్టడం. అయినా చెబుతాను.

2010లో హ్యూస్టన్. 2011 ఫిబ్రవరిలో మెంఫిస్. అదే ఏడాది డిసెంబర్‌లో మెంఫిస్ వదిలేస్తే గోల్డెన్ స్టేట్ తీసుకుంది. 2012 మొదట్లో వాళ్లూ వదిలేస్తే ఓర్లాండో. 2013 ఫిబ్రవరిలో మిల్వాకీ, ఆగస్టులో ఫీనిక్స్. 2014 వేసవిలో ఫీనిక్స్ వదిలేసింది, హ్యూస్టన్ మళ్లీ పిలిచింది, సీజన్ మొదలయ్యేలోపే పంపించేసింది. ఆ నవంబర్‌లో ఓక్లహోమా సిటీలో స్టార్లు డురాంట్, వెస్ట్‌బ్రూక్ ఇద్దరికీ దెబ్బలు తగిలి ఆడేవాళ్లు కరువైతే, లీగు వాళ్లకు అదనంగా ఒక మనిషిని తీసుకోవడానికి అనుమతి ఇచ్చింది. అలా దొరికిన చోటు ఇతనిదైంది. 2015 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా. ఆ తర్వాత న్యూ ఆర్లీన్స్, మళ్లీ ఫిలడెల్ఫియా. 2016లో డెట్రాయిట్, 2019లో వాషింగ్టన్, 2021లో సొంతూరు షార్లెట్. 2022 ఫిబ్రవరిలో మళ్లీ వాషింగ్టన్, అదే వేసవిలో డెన్వర్. చివరికి 2023-24లో మళ్లీ షార్లెట్.

వేళ్ల మీద లెక్కపెట్టండి, 13 వస్తాయి. మళ్లీ మళ్లీ పిలిచినవాళ్లను ఒక్కసారే లెక్కపెట్టాలి సుమా.

ఇన్నిసార్లు మారాడంటే ఆట అంతంతమాత్రమనేగా?

నాన్నలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. అడిగే ఆయన రెజ్యూమెలో నాలుగు కంపెనీలు ఉంటాయి, అది వేరే సంగతి.

సూపర్‌స్టార్ కాదు, ఒప్పుకుంటాను. కెరీర్ సగటు మ్యాచ్‌కి ఏడు పాయింట్ల దగ్గర, నాలుగు అసిస్టుల (పాయింటు వేయడానికి తోటివాడికి అందించిన బంతుల) దగ్గర ఉంటుంది. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్ ఎప్పుడూ అతని బలం కాదు. లీగంతా ఆ షాట్ వెంట పడిన కాలంలో అది చిన్న లోటు కాదు. ఉన్నదల్లా వేగం. బంతి చేతికి చిక్కితే అవతలివాళ్లు వెనక్కి తిరిగి సర్దుకునేలోపు బుట్ట కింద ఉంటాడు.

కానీ ఒకటి ఆలోచించండి. ఒక టీములో ప్రతి సీజన్‌కీ మామూలు కాంట్రాక్టులు 15 మందికే. 30 టీములకు కలిపి 450. ప్రతి ఏడూ కాలేజీల నుంచి, యూరప్ నుంచి కుర్రాళ్లు ఆ కుర్చీల కోసం తోసుకొస్తూనే ఉంటారు. ఆట రానివాణ్ణి ఒక టీము పొరపాటున తీసుకుంటుంది, రెండో టీము మొహమాటానికి తీసుకుంటుంది. పదమూడు టీములు తీసుకున్నాయంటే పొరపాటు కాదు. పైగా ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, షార్లెట్ వదులుకున్నాక మళ్లీ పిలిచాయి. పనికిరానివాణ్ణి ఎవరూ రెండోసారి పిలవరు.

ట్రేడ్ అంటే మన ట్రాన్స్‌ఫర్ లాంటిదా? ఆటగాణ్ణి అడగరా?

అడగరు. "నన్ను పంపకూడదు" అనే షరతు కాంట్రాక్టులో రాయించుకునే స్థాయి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే ఉంటుంది. మిగతావాళ్లకు ఏజెంట్ నుంచి ఫోన్ వస్తుంది, లేదా అంతకంటే ముందే టీవీలో తెలుస్తుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. కొంచెం నెమ్మదిగా చెబుతాను.

ఎన్‌బీఏలో జీతాలకు ఒక పరిమితి ఉంటుంది. ఆ పరిమితి దాటిన టీములు ఆటగాళ్లను మార్చుకోవాలంటే ఇటు వెళ్లే జీతాలూ అటు నుంచి వచ్చే జీతాలూ ఇంచుమించు తూగాలి. పూర్తిగా సమానం కానక్కర్లేదు, కానీ మరీ తేడా ఉండకూడదు. అంటే రెండు టీములు ఒక పెద్ద ఆటగాడి దగ్గర బేరం కుదుర్చుకున్నాక, తూకం సరిపోవడానికో, అవతల బెంచీ నింపడానికో ఇంకో పేరు కలుపుతారు. కేఆర్ పురం సంతలో కూరగాయలమ్మే ఆవిడ తక్కెడ సరిపోలేదని రెండు పచ్చిమిరపకాయలు వేస్తుందే, అలాగ. మనం కొన్నది వంకాయలు, సంచిలో మిరపకాయలు కూడా ఇంటికొస్తాయి.

ఇష్ స్మిత్ ట్రేడులు చూస్తే చాలావాటిలో అతను ఆ కొసరే. 2011లో హ్యూస్టన్ నుంచి మెంఫిస్‌కి వెళ్లినప్పుడు మెంఫిస్‌కి కావాల్సింది షేన్ బాటియర్. 2013లో ఓర్లాండో నుంచి మిల్వాకీకి వెళ్లినప్పుడు పేపర్లన్నీ జేజే రెడిక్ గురించి రాశాయి. 2022లో డెన్వర్ బేరమాడింది కెంటేవియస్ కాల్డ్‌వెల్-పోప్ కోసం. మూడుసార్లూ వార్తలో ఇతని పేరు "తోపాటు" తర్వాతే వచ్చింది.

కాబట్టి అతను వెళ్లిపోవడానికీ, నిన్నటి మ్యాచ్‌లో బాగా ఆడాడా లేదా అన్నదానికీ చాలాసార్లు సంబంధమే లేదు. ఈ సంగతి అర్థమయ్యాక నా మనసు కూడా కాస్త తేలికపడింది. నేను పనిచేసే చోట ఒకసారి ప్రాజెక్ట్ మొత్తాన్నీ ఇంకో టీముకి అప్పగించినప్పుడు, ఏం తప్పు చేశానా అని రెండు నెలలు నిద్ర పట్టలేదు. ఏ తప్పూ లేదు. నేను మిరపకాయని, అంతే.

"వేవ్ చేశారు" అంటారు, అంటే?

వదులుకున్నారని. వదులుకున్న ఆటగాడి పేరు 48 గంటలు లిస్టులో ఉంటుంది. ఈలోపు కావాలనుకున్న టీము అదే కాంట్రాక్టుతో తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోకపోతే అతను స్వేచ్ఛగా ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. ఆ 48 గంటల టెన్షన్, ఆఫీసులో ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్న మనవాళ్లకు చెప్పక్కర్లేదు.

పది రోజుల కాంట్రాక్టు అంటే నిజంగా పది రోజులేనా?

ఇంచుమించు అంతే. పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, ఏది ఎక్కువైతే అది. ప్రతి ఏడూ జనవరి 5 నుంచి ఇవి మొదలవుతాయి. ఒకే టీము ఒక ఆటగాడికి ఆ సీజన్‌లో అలాంటివి రెండే ఇవ్వగలదు. మూడోసారి కావాలంటే సీజన్ చివరిదాకా ఉంచుకోవాల్సిందే. సంచిలో నాలుగు జతల బట్టలు, హోటల్ గది, మనసులో రోజుల లెక్క. అంతే బతుకు.

ఫిలడెల్ఫియా కథ అంటావు ఎప్పుడూ, అదేంటి?

అమ్మయ్య, అడిగారు.

2015 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా 76ers ఇతన్ని వేవర్ల లిస్టులోంచి తీసుకుంది. అప్పట్లో ఆ టీము కావాలనే ఓడుతోందని ఊరంతా అనుకునేది. ఎంత ఓడితే డ్రాఫ్టులో అంత మంచి కుర్రాడు దొరికే అవకాశం, అదీ వాళ్ల లెక్క. ఆ టీములో నెర్లెన్స్ నోయెల్ అని ఒక పొడుగు కుర్రాడు ఉండేవాడు. ఇష్ వచ్చాక అతని ఆటే మారిపోయింది. ఎందుకంటే బంతి సరిగ్గా అతని చేతులు లేచే చోటికి, లేచే క్షణానికి వచ్చేది.

సీజన్ అయిపోయింది, కాంట్రాక్టు అయిపోయింది. ఫిలడెల్ఫియా ఊరుకుంది. ఇష్ వెళ్లిపోయాడు. వాషింగ్టన్ ప్రాక్టీసు క్యాంపుకి పిలిచి సీజన్ ముందే పంపేసింది, న్యూ ఆర్లీన్స్ తీసుకుంది.

కొత్త సీజన్‌లో ఫిలడెల్ఫియా పరిస్థితి ఏమిటంటే, క్రిస్మస్ నాటికి 31 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. ఇద్దరు ముగ్గురు పొడుగు కుర్రాళ్లున్నారు, వాళ్లకు బంతి అందించేవాడు లేడు. కల్యాణ మండపంలో వంటవాళ్లంతా ఉండి వడ్డించేవాడు లేనట్టు. అప్పుడు, 2015 డిసెంబర్ 24న, డ్రాఫ్టు రెండో రౌండులో కుర్రాళ్లను ఏరుకునే తన వంతులు రెండు న్యూ ఆర్లీన్స్‌కి ఇచ్చి ఇష్ స్మిత్‌ని వెనక్కి తెచ్చుకుంది. ఆరు నెలల కింద ఊరికే వదిలేసినవాణ్ణి కొనుక్కున్నారు! పాత పేపర్లతో పాటు తూకానికి వేసేసిన పుస్తకాన్ని మళ్లీ అవెన్యూ రోడ్డులో బేరమాడి కొనుక్కోవడం చూశారా, అదే ఇది.

వచ్చాక ఆడిన మొదటి మ్యాచే, ఫీనిక్స్ మీద, గెలిచారు. ఆ సీజన్ మొత్తంలో 82 మ్యాచ్‌ల్లో 10 గెలిస్తే, అందులో తొమ్మిది ఇతను వచ్చాక గెలిచినవే. ఫిలడెల్ఫియా తరఫున ఆ ఏడు 50 మ్యాచ్‌లు ఆడి, సగటున 14.7 పాయింట్లు, ఏడు అసిస్టులు ఇచ్చాడు. 10-72 అనేది చెత్త రికార్డే, కాదనను. కానీ నా లెక్కలో అతని కెరీర్ మొత్తానికీ ఇదే అసలైన ఘట్టం. ఆ ఒక్క బేరంలో అతను కొసరు కాదు. బేరమే అతని కోసం.

మర్నాడే కొత్త టీములో దిగి ఎలా ఆడగలుగుతారు?

మనమంటే ల్యాప్‌టాప్ ఇవ్వడానికే వారం పడుతుంది. వాళ్లకు అంత టైము ఉండదు.

పైకి ప్రతి టీము ఆటా వేరేలా కనిపిస్తుంది గానీ, లోపల సరుకు ఒకటే. ఒకడు డిఫెండర్‌కి అడ్డంగా స్తంభంలా నిలబడటం, బంతి ఉన్నవాడు అతన్ని రాసుకుంటూ పోవడం, నిలబడ్డవాడు బుట్ట వైపు తిరగడం. పిక్ అండ్ రోల్ అంటారు. దీన్నే ఒక్కో టీము ఒక్కో పేరుతో పిలుస్తుంది. ఒకచోట చేతివేళ్ల సైగ, ఇంకోచోట ఒక రంగు పేరు. మిగతావాళ్లు తమ పాత్ర నేర్చుకుంటే సరిపోతుంది. పాయింట్ గార్డ్ మాత్రం ఐదుగురి పాత్రలూ నేర్చుకోవాలి, ఎందుకంటే అరిచి చెప్పాల్సింది అతనే. చేతిలో ఉండేది 24 సెకన్లు. అన్ని టీములు మారినవాడు అన్ని భాషలు నేర్చుకున్నట్టే.

చిన్న ఉదాహరణ. మొన్నామధ్య ఖమ్మం నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు మా కోర్టుకి వచ్చాడు. ఐదుగురిలో ఎవరూ తెలియదు. షూ లేసులు కట్టుకుంటూనే ఒక్కొక్కరి దగ్గరకీ వచ్చి రెండే ప్రశ్నలు అడిగాడు: "అన్నా, నీకు బంతి ఏ చేతికి కావాలి? కుడి మూలా, ఎడమ మూలా?" అంతే. పది నిమిషాల్లో, మూడేళ్లుగా కలిసి ఆడుతున్న మాకంటే బాగా ఆడిస్తున్నాడు. మా చంద్రం గారికి బంతి ఛాతీ ఎత్తులో ఇవ్వాలని, కిందికిస్తే ఆయన వంగలేరని మాకెవరికీ ఇన్నాళ్లూ తట్టలేదు.

డబ్బులు బాగానే వచ్చి ఉంటాయిగా?

వచ్చాయి. మొదటి ఐదారేళ్లు ఎక్కువగా కనీస జీతం చుట్టుపక్కలే. అదీ మన లెక్కలో కోట్లే అనుకోండి. ఫిలడెల్ఫియా సీజన్ అయ్యాక, 2016లో డెట్రాయిట్ మూడేళ్లకు 1.8 కోట్ల డాలర్లు ఇచ్చింది. అప్పటి రేటు ప్రకారం ఏడాదికి 40 కోట్ల రూపాయలు. ఆ మూడేళ్లూ పూర్తిగా అక్కడే ఉన్నాడు కూడా. అందులో పన్నులు పోవాలి, ఏ రాష్ట్రంలో మ్యాచ్ ఆడితే సాధారణంగా ఆ రాష్ట్రానికీ కట్టాలి. ఏజెంట్‌కి నాలుగు శాతం వరకూ.

ఇల్లు, సామాన్లు, పిల్లల స్కూళ్లు?

ఇలాంటి ఆటగాళ్లు చాలామంది కుటుంబాన్ని ఒక ఊళ్లో ఉంచి, తాము అద్దె ఇళ్లలో తిరుగుతారు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు అడిగిన రోజుల్లో అయితే ఇన్నిసార్లు మారడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

కప్పు ఏమైనా గెలిచాడా?

గెలిచాడు. పదమూడో టీముతో. 2023లో డెన్వర్ నగెట్స్ మియామీ మీద 4-1తో గెలిచింది. అది డెన్వర్‌కి మొట్టమొదటి టైటిల్.

చివరి మ్యాచ్ మనకి జూన్ 13, మంగళవారం పొద్దున ఆరింటికి. సిల్క్ బోర్డ్ దగ్గర ఆఫీసు క్యాబ్ ఆగిపోయి ఉంటే ఫోన్లో చూశాను. 94-89. మొదటి నిమిషం నుంచీ పీక మీద కత్తిలాంటి మ్యాచ్, అందుకే కోచ్ మామూలుగా ఆడే ఎనిమిది మందినే తిప్పాడు. ఇష్ దిగలేదు. నేను మాత్రం కెమెరా బెంచి వైపు తిరిగినప్పుడల్లా అతని కోసమే వెతికాను. పక్క సీట్లో కూర్చున్న కన్నడ అబ్బాయి "ఎవరు మీకు కావాల్సినవాళ్లు?" అని అడిగాడు. "ఆడనివాడు" అన్నాను. విచిత్రంగా చూశాడు.

ఐపీఎల్‌లో కూడా ఇలాంటివాళ్లు ఉన్నారా?

ఆరోన్ ఫించ్ తొమ్మిది టీములకు ఆడాడు. అందులో మన సన్‌రైజర్స్ ఉంది, ఇక్కడి ఆర్సీబీ కూడా ఉంది. కాకపోతే ఐపీఎల్‌లో ఎక్కువగా సీజన్‌కీ సీజన్‌కీ మధ్య వేలంలో మారతారు. ఎన్‌బీఏలో ఫిబ్రవరిలో ట్రేడుల గడువు ఉంటుంది, అప్పటికి సీజన్ సగం దాటి ఉంటుంది. నిన్నటిదాకా పక్కన కూర్చుని భోంచేసినవాణ్ణి ఈ వారం అడ్డుకోవాలి.

మన దేశం నుంచి ఇలా ఊళ్లు పట్టి తిరిగిన బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు ఎవరూ లేరా?

ఉన్నారు. నాకు అందరికంటే ముందు గుర్తొచ్చేది గీతూ అన్నా జోస్. కేరళ అమ్మాయి, చెన్నైలో సదరన్ రైల్వేకి ఆడింది. ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్‌కి ఆడింది. 2011లో అమెరికా మహిళల లీగు డబ్ల్యూఎన్‌బీఏలో మూడు టీముల ట్రయల్స్‌కి వెళ్లొచ్చింది. చోటు దొరకలేదు. అయినా అంతదాకా వెళ్లడమే అప్పట్లో ఊహకందని సంగతి.

మగవాళ్లలో పంజాబ్‌లోని బల్లో కే ఊరి సత్నామ్ సింగ్‌ని 2015 డ్రాఫ్టులో 52వ పేరుగా డాలస్ ఎంచుకుంది. కింది స్థాయి లీగులో టెక్సస్ లెజెండ్స్‌కి ఆడాడు గానీ పై టీములో దిగే అవకాశం రాలేదు. అమ్‌జ్యోత్ సింగ్ జపాన్‌లో ఆడి, తర్వాత ఓక్లహోమా సిటీ బ్లూ అనే కింది స్థాయి టీముకి వెళ్లాడు. అమృత్‌పాల్ సింగ్ 2017లో సిడ్నీ కింగ్స్‌తో సంతకం చేశాడు.

మా అబ్బాయి దీన్నే కెరీర్ చేసుకుంటానంటున్నాడు. సెటిల్ అవుతాడా బాబూ?

మన దేశంలో ఈ ఆట లెక్క అమెరికాకి పూర్తిగా రివర్సు. అక్కడ ఆట ఉద్యోగం, ఎప్పుడు పోతుందో తెలియదు. ఇక్కడ ఆట వల్ల ఉద్యోగం వస్తుంది, వస్తే పోదు. రైల్వే, ఓఎన్‌జీసీ, సైన్యం వాళ్ల సర్వీసెస్, చెన్నైలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ లాంటివాటికి టీములున్నాయి. బెంగళూరులో ఒకప్పుడు విజయా బ్యాంక్ టీము అంటే పేరు. 2019లో ఆ బ్యాంకే బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయింది. బ్యాంకులు కూడా ట్రేడ్ అవుతాయి మరి.

స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చినవాడు ఒకే జెర్సీలో ఇరవై ఏళ్లు ఆడి, ఆ తర్వాత అదే ఆఫీసులో రిటైరవుతాడు. దాన్ని తక్కువ చేయను. ఇంట్లో నెలనెలా జీతం కావాల్సినవాళ్లకు అంతకంటే మంచిదారి లేదు. కానీ ఆటకి ఒక నష్టం ఉంది. కొత్తవాళ్లతో ఆడాల్సిన అవసరమే రాదు. కిందటివారం ఆడిన నలుగురితోనే ఈవారం కూడా.

కాబట్టి నా సలహా చిన్నది. డిగ్రీ ఆపొద్దు. మల్లేశ్వరంలో బీగిల్స్ లాంటి పాత క్లబ్బులు ఉన్నాయి, వెళ్లి చూడమనండి. కంఠీరవ ఇండోర్ స్టేడియంలో పెద్ద టోర్నమెంటు ఉంటే తీసుకెళ్లండి. 2017 జులైలో ఆసియా మహిళల కప్పు అక్కడే జరిగింది. రెండో అంచె అయిన డివిజన్ బి ఫైనల్లో మన అమ్మాయిలు కజకిస్తాన్ మీద 75-73తో గెలిచారు. రెండు పాయింట్లు! ఆ రోజు గ్యాలరీలో ఉన్నవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఆదివారం మేం కూడా రావచ్చా?

రండి. పొద్దున ఆరింటికి, ఎండ రాకముందే. నీళ్ల బాటిల్ మీదే తెచ్చుకోండి. ముదురు రంగు టీషర్టు ఒకటి, తెల్లది ఒకటి, రెండూ తేవాలి. ఏ జట్టులో మనిషి తక్కువైతే అందులో వేస్తాం, ఆట మధ్యలో అటు నుంచి ఇటు మార్చినా మార్చొచ్చు. చంద్రం గారికి మాత్రం ఛాతీ ఎత్తులోనే ఇవ్వాలి.